కానిస్టేబుళ్ల ఫుట్‌బాల్: మన చరిత్రలో రాయని పుట

ఆటలంటే మన సాహిత్య విమర్శకులకు మొదటినుంచీ చిన్నచూపే. కోడిపందాలనూ, పేకాటనూ, ఫుట్‌బాల్‌నూ ఒకే గాటన కట్టి, కాలక్షేపమని తోసిపుచ్చడం అలవాటైపోయింది. 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట్లో సాగే పేకాట గురించి మనవాళ్లు పుటలకొద్దీ రాశారు. అది నాటకంలో ఉంది కాబట్టి రాశారు. మైదానంలో ఆడినది మాత్రం ఎవరికీ పట్టలేదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు తెలుగునేల నాలుగు చెరగులా ఉన్నారు. వాళ్లకు పలక పేరు తెలుసు. గనిలో ఆ రాయిని పొరలు పొరలుగా చీల్చిన కూలీ పేరు తెలియదు. ఇప్పుడు చెప్పబోయే జట్టు సంగతీ కొంచెం ఇలాంటిదే.

1950 నుండి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదేళ్లు ఒకే జట్టు గెలుచుకుంది. అది కలకత్తా జట్టు కాదు, బొంబాయి జట్టు కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. అందులో ఆడినవాళ్లు పోలీసుశాఖలో చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. ఇదే జట్టు తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే పేరుతో మరికొన్నేళ్లు దేశమంతటా గెలిచింది. మొత్తం మీద రోవర్స్ కప్ తొమ్మిదిసార్లు (1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి), డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు. ఈ లెక్కలు ఆటల పుస్తకాల్లో దొరుకుతాయి. మన సాంఘిక చరిత్రలో దొరకవు. ఎందుకు దొరకవన్నదే ఈ వ్యాసానికి విషయం.

ముందు ఆ రెండు కప్పుల పుట్టుక చూడాలి. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలైంది, రోవర్స్ 1891లో బొంబాయిలో. రెండూ తెల్లసైన్యం కోసం పుట్టినవే. వేసవి విడిదిలో, దండు బజార్లలో సిపాయిలను కుదురుగా ఉంచడానికి అధికారులు ఏర్పాటు చేసుకున్న ఆటలవి. దశాబ్దాల తరబడి రెజిమెంట్లే ఆడాయి, రెజిమెంట్లే గెలిచాయి. ఒక భారతీయ జట్టు రోవర్స్ గెలవడానికి 1937 దాకా ఆగవలసి వచ్చింది. గెలిచినది బెంగుళూరు ముస్లిమ్స్. డ్యూరాండ్‌లో ఆ గౌరవం 1940లో కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్‌కు దక్కింది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ వచ్చిన దారి కూడా అదే. సికింద్రాబాద్‌లో, బొల్లారంలో బ్రిటిషు దండు ఉండేది. దండు ఉన్న చోట బంతి ఉంటుంది, బంతి ఉన్న చోట ఊరి పిల్లలు చేరతారు. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షుడు ఎస్.ఎమ్. హాదీ. ఆయన డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1934లో రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టాడు. ఏడు ఆటలు ఆడగలవాడని 'రెయిన్‌బో హాదీ' అని పిలిచేవారు. సంస్థానంలో ఆటలంటే అలాంటి ఉన్నత కుటుంబాల వ్యవహారం. పోలీసు జట్టు తయారైనదీ ఆ రోజుల్లోనే. కాని అందులోకి వచ్చిన కుర్రాళ్లు హాదీ ఇంటి గుమ్మం తొక్కగల తరగతివాళ్లు కారు. పాతబస్తీ గల్లీల్లోంచి, దండు చుట్టూ ఉన్న పేటల్లోంచి వచ్చారు. బంతి తన్నడం వస్తే పోలీసుశాఖలో ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం వస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆట మీద ప్రేమ లేదని కాదు, ఆ ప్రేమకు ఆధారం జీతం. 1943లో ఈ జట్టు బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలిచినప్పుడు మొదటిసారి సంస్థానం బయట దాని పేరు వినబడింది.

ఇక్కడ ఒక బడిపంతులు ప్రవేశిస్తాడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివాడు, విశ్వవిద్యాలయం తరఫున ఫుట్‌బాల్ ఆడాడు, చదువయ్యాక కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా తర్వాత చేసినది. 1943 నుండి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో పోలీసు జట్టు శిక్షణ చేపట్టాడు. మా వృత్తివాడు కనుక ఎక్కువ చెబుతున్నాననుకోకండి. ఆ జట్టు చరిత్రలో అసలు విషయం కప్పులు కావు, రహీం సాబ్ పాఠం చెప్పిన పద్ధతి.

ఆ రోజుల్లో మన ఆటగాడి గొప్పతనమంతా బంతిని కాలికి అంటించుకుని నలుగురిని తప్పించుకుపోవడంలో ఉండేది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవారు, జట్టు ఓడిపోయేది. రహీం దాన్ని విప్పదీశాడు. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టాడు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చితీరాలి. ఎడమకాలు బలహీనమైనవాళ్ల కోసం, ఆ బలహీనమైన కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టాడు. పొట్టిపిల్లలు పెద్దవాళ్ల మధ్య నలిగిపోతున్నారని, ఇంత ఎత్తు మించినవాళ్లు రాకూడదని హద్దు గీసి, వాళ్లకు వేరే పోటీలు పెట్టాడు. తరగతిలో వెనకబెంచీ పిల్లవాడి లోపాన్ని కనిపెట్టి దానికి తగిన లెక్క ఇచ్చే ఉపాధ్యాయుడి పని ఇది. డబ్బు ఖర్చయ్యే పని కాదు. మేం బడుల్లో ఇప్పటికీ పొడుగుపిల్లలను ఏరి జట్టు కట్టి, మిగతావాళ్లను గోడ పక్కన నిలబెడుతూనే ఉన్నాం.

ఫలితం వెంటనే కనబడింది. యుద్ధమూ దేశవిభజనా వచ్చి ఆగిపోయిన డ్యూరాండ్ పోటీ 1950లో ఢిల్లీలో మళ్లీ జరిగింది. ఫైనల్లో మోహన్ బగాన్. మొదటి ఆట 2-2తో తేలలేదు, తిరిగి ఆడిన ఆటలో పోలీసు జట్టు 1-0తో గెలిచింది. అదే ఏడు రోవర్స్ కూడా. కాలాన్ని ఒకసారి తలుచుకోండి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌లో ప్రవేశించి రెండేళ్లే అయింది. సంస్థానపు పోలీసు అనే మాట దేశమంతటా అనుమానంగా చూడబడుతున్న రోజులు. తెలంగాణ పల్లెల్లో రైతుల మీద తుపాకులు ఎత్తినది కూడా ఆ శాఖే. ఈ మాట చెప్పకుండా ఈ జట్టును పొగడడం నిజాయితీ కాదు. అయితే అదే శాఖ యూనిఫారం కింద ఉన్న పదకొండుమంది పేదకుర్రాళ్లు ఢిల్లీలో, బొంబాయిలో తమ ఊరి పేరును గౌరవంగా పలికించారనేది కూడా నిజం. ఒకదాన్ని చెప్పి ఇంకొకదాన్ని దాచే చరిత్ర నాకు రుచించదు. 1954లో ఐదో రోవర్స్ ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడినది కరాచీ నుండి వచ్చిన జట్టు. విభజనకు ఏడేళ్లు నిండినా బొంబాయి మైదానం దాకా కరాచీ జట్టు వచ్చి ఆడి వెళ్లగలిగే రోజులవి. ఆ సంగతి ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది.

వరుసగా ఐదు అనగానే ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది ఇటలీలోని టూరిన్ నగరం. అక్కడి యువెంటస్ క్లబ్బు 1930-31 నుండి 1934-35 దాకా వరుసగా ఐదుసార్లు దేశపు విజేత. దాని కథ మన కథ పక్కన పెట్టి చూడదగ్గది. 1897లో ఆ క్లబ్బును పెట్టింది ఒక బడి విద్యార్థులు. లాటిన్‌లో ఆ పేరుకు యౌవనమని అర్థం. మొదట గులాబీరంగు చొక్కాలు వేసుకునేవారు. నలుపు తెలుపు చారల చొక్కా 1903లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నుండి వచ్చింది. 1923లో ఫియట్ కార్ల కంపెనీ యజమాని కొడుకు ఎడ్వర్డో అన్యెల్లి ఆ క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. అంతకు మూడేళ్ల ముందే, 1920 సెప్టెంబరులో, అదే ఫియట్ ఫ్యాక్టరీలను కార్మికులు ఆక్రమించుకున్నారు. ఈ రెంటికీ కారణకార్య సంబంధం ఉందని నేను అనబోవడం లేదు. కార్మికుల సమ్మె చూసి బెదిరిన పెట్టుబడిదారుకు కార్మికులు ప్రేమించే ఆట అక్కరకొస్తుందని ఊహించడానికి మాత్రం పెద్ద పాండిత్యం అక్కర్లేదు. అర్జెంటీనా నుండి ఓర్సీ అనే ఆటగాణ్ణి తెచ్చుకున్నప్పుడు భారీ జీతంతో పాటు ఒక ఫియట్ కారు కూడా ఇచ్చారు. ఎడ్వర్డో 1935లో విమాన ప్రమాదంలో చనిపోయాడు, ఆ వరుసా అక్కడే ఆగింది.

ఇదే టూరిన్‌లో సోషలిస్టు పత్రిక 'అవంతి'కి రాస్తూ ఉండిన గ్రాంసీ 1918లో ఫుట్‌బాల్‌నూ, స్కోపోనే అనే పేకాటనూ పోల్చి ఒక చిన్న వ్యాసం రాశాడు. ఫుట్‌బాల్ బయట గాలిలో ఆడేది, అందరూ చూస్తుండగా ఒక న్యాయనిర్ణేత మాటకు లోబడి ఆడేది. పేకాట పొగ నిండిన గదిలో అనుమానాలతో సాగి, ఒక్కోసారి కొట్లాటగా ముగిసేది. రెండూ రెండు రకాల సమాజాలకు గుర్తులని ఆయన చూపిస్తాడు. గ్రాంసీని మనవాళ్లు చాలా ఉదాహరిస్తారు, ఈ వ్యాసాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మా పశ్చిమ ప్రకాశంలో రచ్చబండ మీద పేకలు పరుచుకున్న మధ్యాహ్నాలు చూసినవారికి ఆ పోలిక వివరించి చెప్పనక్కరలేదు.

ఇక పోలిక దగ్గరకు వద్దాం. యువెంటస్‌ను పోషించినది కార్ల కంపెనీ. హైదరాబాద్ జట్టును పోషించినది పోలీసుశాఖ. రెండు చోట్లా జట్టు మరొకరి సొత్తు. తేడా ఎక్కడంటే, ఇటలీలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత దక్షిణాది కరువు పల్లెల నుండి లక్షలమంది కూలీలు ఫియట్ ఫ్యాక్టరీలకు వలస వెళ్లారు. టూరిన్‌లో వాళ్లకు ఇళ్లు అద్దెకివ్వని రోజులున్నాయి. ఆ పరాయి ఊళ్లో తమది అని చెప్పుకోవడానికి వాళ్లకు దొరికినవాటిలో ఆ క్లబ్బు ఒకటి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఆ చారల చొక్కా కూడా వెంట వెళ్లింది. అందుకే యువెంటస్‌కు దక్షిణాన అభిమానులు ఎక్కువ. యజమాని పెట్టిన డబ్బు ఒక ఎత్తు, వలసకూలీ పెట్టిన మనసు ఒక ఎత్తు. 2006లో రిఫరీల నియామకంలో జోక్యం చేసుకున్న కుంభకోణం బయటపడి, రెండు విజేత బిరుదులు ఊడగొట్టి ఆ క్లబ్బును రెండో శ్రేణికి దించారు. అయినా అది చావలేదు. మరుసటి ఏడే పైకి వచ్చింది. గిద్దలూరు, కంభం, మార్కాపురం పల్లెల నుండి బేల్దారి పనులకు హైదరాబాద్ వెళ్లినవాళ్లు తరాల తరబడి ఉన్నారు. పోలీసు జట్టు వాళ్ల జట్టు ఎప్పుడూ కాలేదు. వాళ్లు వెళ్లేనాటికి దాని వైభవం ముగిసింది. ముగియకపోయినా అయ్యేది కాదేమో. అక్కడ భాష అడ్డం వచ్చింది.

ఈ భాష సంగతి కాస్త నిలబడి చూడవలసినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా పుట్టినది 1970లో. మద్రాసు రాష్ట్రపు అలవాట్లతో పెరిగిన మా పెద్దలకు హైదరాబాద్ అంటే దూరపు ఊరు, ఉర్దూ ఊరు. కొత్త రాష్ట్రం కాకతీయుల తోరణాలనూ, రాయల భువనవిజయాన్నీ తన గుర్తులుగా చెప్పుకుంది. అదే సమయంలో హైదరాబాద్ సిటీ పోలీస్ పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1960లో ఆంధ్ర పేరుతో రోవర్స్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించింది. 1961లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. అంటే ఆంధ్ర అనే పేరును కలకత్తా, బొంబాయి మైదానాల్లో జనం నోట పలికించినవాళ్లలో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుర్రాళ్లు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, యూసుఫ్ ఖాన్. మన చరిత్రకారులు తెలుగు జాతి అన్నప్పుడు ఈ పేర్లు జాబితాలోకి రాలేదు. శత్రుత్వంతో వదిలేశారని అనను. గుర్తుకు రాలేదు, అంతే. గుర్తుకు రాకపోవడం కూడా ఒక దృక్పథమే.

సికింద్రాబాద్ వైపు ఇంకో దారి ఉండేది. అమ్ముగూడలో తమిళం మాట్లాడే పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం ఆ దారిన వచ్చి రహీం కంటపడినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు రహీమే, అందులో హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లు అరడజనుమంది దాకా ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోలు కొట్టినది బలరామే. జాతీయ జట్టుకు ఒక నగరం ఇంతమందిని ఇవ్వగలిగిందంటే కింద ఎన్ని చిన్న క్లబ్బులు, ఎన్ని ఖాళీ స్థలాలు ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా దాన్ని చూపించింది. లక్షమంది ప్రేక్షకులు వ్యతిరేకంగా అరుస్తుండగా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచారు. కోపం ఆటగాళ్ల మీద కాదు. ఇజ్రాయిల్, తైవాన్‌లను పిలవనందుకు ఒక భారతీయ క్రీడాధికారి ఆక్షేపించడం ఇండోనేషియా జనానికి నచ్చలేదు. దాని ఫలితం ఆటగాళ్లు అనుభవించారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్ 11న చనిపోయాడు. సినిమా జాతీయ జట్టు కథ కనుక త్రివర్ణ పతాకం దగ్గర ఆగుతుంది. అది తప్పు కాదు. కాని రహీం ఏడాది పొడుగునా పని చేసినది కానిస్టేబుళ్లతో, బడిపిల్లలతో. పతకం నాడు కనబడిన ఆట పుట్టినది ఆ రోజువారీ పనిలో.

ఆయన పోయిన ఏడే పోలీసు జట్టు తొమ్మిదో రోవర్స్ గెలిచింది. అదే చివరిది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత ఆ స్థాయి గెలుపు రాలేదు. క్షీణతకు రహీం మరణమే కారణమని తేల్చేయడం సులువు. వ్యక్తి వల్లనే చరిత్ర నడుస్తుందనే వాదన మనకు కొత్త కాదు. కాని ఆటగాళ్లు కలకత్తాకు తరలడం ఆయన బతికుండగానే మొదలైంది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, అతని తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ అందరూ ఆ దారే పట్టారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చి మోహన్ బగాన్‌తో 2-2తో సమంగా ముగించినప్పుడు, బగాన్ గోళ్లలో ఒకటి హబీబ్‌ది. కలకత్తా క్లబ్బుకు ఊరంతా అండ. టికెట్టు కొనే జనం ఉన్నారు, ఓడితే ఏడ్చే జనం ఉన్నారు. పోలీసు జట్టుకు ఒక శాఖ అండ. శాఖకు జట్టు అవసరమని అధికారికి తోచినంత కాలం జీతం ఉంటుంది. తోచకపోతే ఆ ఖాళీలో మరొకరిని వేసుకుంటారు. ఆటగాడు రిటైరైతే అతని వెనుక వచ్చేవాణ్ణి తయారుచేసే బాధ్యత ఎవరి ఉత్తర్వులోనూ లేదు. రహీం ఆ బాధ్యతను తన నెత్తిన వేసుకున్నాడు. పొట్టిపిల్లల పోటీలు, ఎడమకాలి పోటీలు దానికోసమే. అవి ఆగిపోయిన పదేళ్లకు ఏం జరగాలో అదే జరిగింది. ఊరు పెరిగి ఖాళీ స్థలాలు ఇళ్లయ్యాయి. ఫతే మైదాన్ 1967లో లాల్ బహాదూర్ స్టేడియమై, క్రికెట్‌కూ బహిరంగసభలకూ ఎక్కువ పనికొచ్చింది.

ఇప్పటి సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. పుణె నగరపు క్లబ్బు మూతపడ్డాక దాని స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే కంపెనీ జట్టు వచ్చింది. కరోనా కాలంలో ఖాళీ స్టేడియాల్లో ఆడి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకముందే జీతాల బకాయిలతో ఆటగాళ్లు చెదిరిపోయారు. యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టును పేరు మార్చి ఢిల్లీకి తరలించారు. ఒక ఊరి పేరు పెట్టుకున్న జట్టును సామాన్లు సర్దినట్టు సర్ది మరో ఊరికి తీసుకుపోవచ్చునని మనం కొత్తగా నేర్చుకున్నాం. పోలీసుశాఖ ఎన్ని లోపాలున్నా ఈ పని చేయలేదు.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోయాడు. బలరాం అదే ఏడు ఫిబ్రవరిలో కలకత్తాలో చనిపోయాడు. జకార్తా తరంలో మిగిలినవారు కొద్దిమంది. వాళ్లు మాట్లాడిన భాషలో, వాళ్ల గురించి ఆనాడే రాసిన పత్రికలు ఉన్నాయి. 'సియాసత్' 1949 నుండి వెలువడుతోంది. పోలీసు జట్టు మొదటి రోవర్స్ గెలిచేనాటికే అది నడుస్తున్నది. ఆ పాత సంచికలు తిరగేయాలంటే ఉర్దూ చదవడం రావాలి. మా తరం తెలుగు ఎం.ఏ.లకు సంస్కృతం తప్పనిసరిగా నేర్పారు. ఉర్దూ లిపి నేర్పవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.